నూటికి సున్న

తడిపిన గోనెసంచిలో
నూరు చెనిక్కాయ గింజలు పరిచి, చుట్టచుట్టి,
దూలానికి కట్టేవాడు నాయన.
నాలుగో పొద్దుకు విప్పి
నన్ను లెక్కబెట్టమనేవాడు.
ఎనభై మొలిస్తే ఇంట్లో నవ్వులు.
నలభై మొలిచిన ఏడు
మూట భుజానేసుకోని సదుం పోయి
"ఇది ఇత్తనమా, గులకరాయా?" అని
అంగడి ముందరే కుమ్మరించి వచ్చినాడు.

ఇప్పుడు తిరుపతిలో,
పశువుల మందుల ల్యాబులో, రెండో అంతస్తులో
అదే లెక్క పెడతా ఉండాను.
ఈ గింజలు కంటికి ఆనవు.
పేరు సిద్ధబీజం.
మట్టిలో బతికే సాదాసీదా సూక్ష్మజీవి,
కూడు కరువైతే తనలోకి తానే ముడుచుకోని
పొర మీద పొర కప్పుకోని పడుకుంటుంది.
ఎండకు చావదు, ఉడకేసినా చావదు.
ఎన్నేళ్లకో ఇంత తీపి తగిలితే
నిన్న రాత్రే పడుకున్నట్టు లేస్తుంది.

దేనికి సిద్ధం? లేచేదానికే గదా.
ఆ లేవడాన్నే తీసేసినాం మేం.
లోపలి గోడను కరిగించే జన్యువుల్ని
అల్లికలోంచి పోగు లాగినట్టు లాగేసినాం.
గోడ బయట మాత్రం
దొమ్మరోగం ఆనవాలు ఒకటి కుట్టినాం,
చంపే చేవ లేని చిన్న ముక్క.
దాణాలో కలిపి పెడితే
గొర్రెపిల్ల పగవాడి మొహం గుర్తుపట్టాల,
బీజం నిద్దర్లోనే ఉండాల,
పేడలో పడినా ఏ చేన్లోనూ కాపురం పెట్టకూడదు.

"కోటికి ఒక్కటి మొలిచినా
మనం చేసింది తప్పే" అంటుంది వకుళ మేడం.

పొద్దున్నే పళ్లెం మూత తీస్తానా,
కన్ను పాత అలవాటు కొద్దీ
మొలక కోసమే దేవులాడుతుంది.
ఏమీ లేదు. నున్నగా, ఖాళీగా.
శభాష్ అంటారు అందరూ.
నేను సంతోషపడేదానికి
ఒక నిమిషం ఎక్కువ పడుతుంది.

ఫోన్లో చెప్తే నాయన నవ్వినాడు.
"మొలవని ఇత్తనానికి జీతమిస్తారామ్మే!"
నవ్వి, కాసేపు ఊరకున్నాడు.
నేనప్పుడు నాలుగో తరగతి.
పదకొండు గొర్రెలు ఒకే వారంలో,
ముక్కుల్లో గడ్డకట్టని నల్ల నెత్తురు.
ఆరడుగుల గుంత, నాలుగు మూటల సున్నం,
చుట్టూ తుమ్మ కంప.
"అక్కడ గడ్డి ఇప్పటికీ ఎంత పచ్చన!
ఒక్క మేకను గూడా తోలం.
దాంట్లో ఉండేవి ఇంకా మొలుస్తాయా?"
మొలుస్తాయి నాయనా.
అవి మేం చేసినవి కావు.

మొన్న బుధవారం
పళ్లెంలో ఒకటి కనపడింది.
మినపగింజంత. పాలమీగడ రంగు,
అంచుల్లో ముడతలు, ముసలామె పెదాల మాదిరి.
గుండె జారింది. జారిన చోటే
ఇంకేదో, చెప్పుకోలేనిది, ఎగిరి గంతేసింది.
మేడం మాట్లాడలేదు. మూడు దినాలు
అందరం దాని పుట్టుపూర్వోత్తరాలు చదివినాం.

మాది కాదు.
దాని జన్యువులన్నీ ఉండాయి, ఒక్క పోగూ పోలేదు.
చేని మట్టిలో బతికే మామూలుది.
ఆదివారం ఊరికి పోయినా, కాయలు ఒలిచినా,
తెల్లారి అదే చున్నీతో బస్సెక్కినా.
చున్నీ మడతలో కూర్చుని
పీలేరు దాటి, భాకరాపేట ఘాటు దిగి,
టికెట్టు లేకుండా వచ్చింది.

మేడం తిట్టింది. తిట్టాల్సిందే.
పళ్లెం తీసుకుపోయి ఆవిరి పెట్టెలో పెట్టి
గడియ బిగించినా.
ఆ ఒత్తిడికి మాత్రం ఏ బీజమూ తట్టుకోలేదు.
ముల్లు పైకెక్కేదాకా అక్కడే నిలబడినా,
ఎందుకో.

రిజిస్టర్లో రాసినా,
మొలిచినవి: సున్న.
నాయన చూస్తే అంగడి ముందర కుమ్మరించే లెక్క.
దాని పక్కన పెన్సిల్తో, చిన్నగా,
చెరిపితే పోయేటట్టు:
ఒకటి. మా ఊరిది.